పదకొండో పాఠంలో ‘మనం’

అసున్సియోన్
1994 ఫిబ్రవరి 21

జునిల్డాకి,

ఎన్నేళ్ళకు ఉత్తరం రాస్తున్నానో లెక్కపెట్టకు, పెడితే నాకే సిగ్గు. మన ఊరి బడిలో నువ్వే టీచరువని, అయిదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒక్కదానివే నడుపుతున్నావని బస్సు డ్రైవరు చెప్పాడు. ఈ ఉత్తరం తెచ్చేది కూడా అతనే.

నేనిప్పుడు రాజధానిలో పాఠ్యపుస్తకాల కమిటీలో ఉన్నాను. ఇక బడుల్లో స్పానిష్‌తో పాటు మన గ్వారనీ కూడా చదువు భాష అని నువ్వు వినే ఉంటావు. అయిదో తరగతి పుస్తకం నా చేతికి వచ్చింది. సైన్సు, సాహిత్యం, చిత్రలేఖనం, పౌరశాస్త్రం, చరిత్ర, అన్నీ కలిపి ఒకటే పుస్తకం. స్పానిష్‌లో రాసినది నా బల్ల మీదికి వస్తుంది, నేను దాన్ని గ్వారనీలోకి దించాలి. అచ్చుకు పోయేముందు ఏదైనా పల్లె బడిలో చెప్పి చూడాలన్నారు. నీ బడి పేరు రాశాను. వద్దంటే కొట్టేస్తాను.

చిన్నప్పుడు బడిలో నోరు జారి ఒక్క గ్వారనీ మాట అంటే మొక్కజొన్న గింజల మీద మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు అదే భాష రాసినందుకు నాకు జీతం ఇస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియదు. అందుకే ఈ ఉత్తరం కూడా గ్వారనీలోనే రాస్తున్నాను. నువ్వూ అలాగే రాయి. నాకు చెయ్యి తిరగాలి. తప్పులుంటే మొహమాటపడకుండా దిద్దు.

సైన్సు పాఠాలు నాలుగు ఇందులో పెట్టాను.

నీ
నిమియా

*

తకువారా
మార్చి 20

నిమియాకి,

వానకు దారి మూసేశారు. పదకొండు రోజులు బస్సు లేదు. నీ ఉత్తరం అంతకాలం డ్రైవరు సీటు కింద నానింది. అయినా చదవగలిగాను.

పత్తి తీత నడుస్తోంది కాబట్టి ముప్ఫై ఒక్కమందిలో పదహారుమందే వస్తున్నారు. వచ్చినవాళ్ళ చేత నీ మొదటి పాఠం పైకి చదివించాను. ‘మేము ముక్కుతో గాలి పీల్చుకుంటాము. మేము నీళ్ళు తాగకపోతే బతకము’ అని ఉంది. ట్రాంకిలీనో అని ఒకడున్నాడు, పేరుకే నిదానం. వాడు లేచి నిలబడ్డాడు.

“టీచరమ్మా, ఆళ్ళు ముక్కుతో పీలుత్తారంట. మరి మనం దేంతో పీలుత్తాం?”

“నువ్వు నోటితోరా, ఎప్పుడూ తెరిసే ఉంచుతావు గదా” అంది లిబ్రాదా. ఆ పిల్లకి పదకొండేళ్ళు, నాలుక ముప్ఫై ఏళ్ళది.

“కాదే, నిజంగా అడుగుతున్నా. ఆ ‘మేము’ ఎవురు? పట్నపోళ్ళా? నీళ్ళు తాక్కపోతే ఆళ్ళే సత్తారా, మనం సావమా?”

పిల్లవాడి అనుమానం న్యాయమైనదే. ‘మేము’ అన్నావంటే చదివేవాణ్ణి గడప బయట నిలబెట్టినట్టు. వాడినీ లోపలికి పిలవాలంటే ‘మనం’ అనాలి. స్పానిష్‌లో రెండింటికీ ఒకటే మాట కాబట్టి నీకు తేడా తట్టలేదు. పద్దెనిమిదేళ్ళు పట్నంలో ఉంటే తల్లిభాషకైనా తుప్పు పడుతుంది. నాలుగు పాఠాల్లోనూ ఎర్ర పెన్సిలుతో దిద్ది పంపుతున్నాను.

ఎందుకు ఒప్పుకున్నానో కూడా చెప్పాలి. ఈ భాషలో బడిపుస్తకం ఉండాలని మా ఇంట్లో ఒక మనిషికి చాలా కోరికగా ఉండేది. ఎవరో నీకు తెలుసు. అందుకే.

అమ్మ బాగానే ఉంది. రోజూ బడి కిటికీ కింద పీట వేసుకుని కర్రపెండలం చెక్కు తీస్తూ పాఠాలు వింటుంది. నువ్వు రాశావని ఆమెకు చెప్పలేదు.

జునిల్డా

*

అసున్సియోన్
ఏప్రిల్ 18

జునిల్డా,

ట్రాంకిలీనో ప్రశ్న సమావేశంలో చదివాను. అందరూ పడీ పడీ నవ్వారు, మా అధ్యక్షుడు తప్ప. ఆయన పెద్ద చదువుల మనిషి, గ్వారనీ తన వంటమనిషి దగ్గర నేర్చుకున్నాడు. నవ్వులు ఆగాక, “అయితే ఇకమీదట పుస్తకం మొత్తంలో ‘మనం’ అనే రాయండి. ‘మేము’ ఎక్కడా కనపడకూడదు. దేశమంటే మనమే కదా” అన్నాడు. వాక్యం బాగానే ఉంది. రాసుకున్నాను.

సాహిత్యం, చిత్రలేఖనం, పౌరశాస్త్రం పంపుతున్నాను. నువ్వు దిద్దిన కాగితాలు నా బల్ల మీద పెట్టుకున్నాను. నీ ఎర్ర పెన్సిలు చూస్తే మళ్ళీ ఒకే బెంచీ మీద కూర్చున్నట్టుంది.

నాన్న నీకు కనిపిస్తుంటాడా? డెబ్బై ఎనిమిది నిండాయి. ఉత్తరం రాస్తే ఎవరో చదివిపెట్టాలి. సంతకం వరకే కదా ఆయన చదువు. మోకాలు ఎలా ఉందో ఒక ముక్క రాయి.

నీ
నిమియా

*

తకువారా
జూన్ 12

నిమియాకి,

దక్షిణపు చలిగాలి మొదలైంది. తలుపు లేని బడి కదా, పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని చదువుతున్నారు. మూడు సబ్జెక్టులూ అయ్యాయి.

సాహిత్యం: నక్కా పులీ కథ చివర నక్క క్షమాపణ చెప్పిందని రాశారు. క్లాసు మొత్తం ఒప్పుకోలేదు. “సెమాపణ సెప్తే అది నక్కెట్టా అవుద్ది టీచరమ్మా, కుక్కవుద్ది” అంది లిబ్రాదా. కథను పాత పద్ధతిలోనే ఉంచండి.

చిత్రలేఖనం: జెండా బొమ్మ ఒక వైపే వేశారు. మన జెండాకు వెనక వైపు వేరే బొమ్మ ఉంటుందని పట్నంలో మరిచిపోయారా? నక్షత్రం ఒక పక్క, సింహం ఇంకో పక్క. పిల్లలు కాగితం తిప్పి వెనకాల సింహాన్ని గీశారు. మా సింహాలన్నీ పందుల్లా వచ్చాయి, అది వేరే సంగతి.

పౌరశాస్త్రం: ‘మనం మనకు నచ్చిన పార్టీని ఎంచుకుంటాం’ అనే వాక్యం దగ్గర అరగంట పట్టింది. పార్టీని ఎంచుకుంటారని వాళ్ళకు తెలియదు. ఏ రంగు రుమాలు కట్టే ఇంట్లో పుడితే అదే పార్టీ అని వాళ్ళ లెక్క. “రుమాలు మార్సుకుంటే మా తాత కర్రుచ్చుకుంటాడు” అన్నాడు ట్రాంకిలీనో. వాక్యం తీసెయ్యకండి. పిల్లలకు అది కొత్త సంగతి, మంచిదే.

మీ నాన్న ఆదివారం చర్చికి వస్తాడు. మోకాలు కొంచెం ఈడుస్తాడు. అందరూ దండం పెడతారు. నేనూ పెడతాను.

చరిత్ర ఇంకా పంపలేదేం? పదకొండో పాఠం మన కాలం దాకా వస్తుందని విషయసూచికలో చూశాను.

జునిల్డా

*

అసున్సియోన్
జూలై 9

జునిల్డా,

చరిత్ర ఆలస్యం చేశాను, నిజమే. పది పాఠాలు యుద్ధాలే కాబట్టి చిక్కు లేదు. పదకొండోది అర పేజీ. దాన్ని పుస్తకంలో చేర్చడానికే మూడు సమావేశాలు పట్టింది. ఆ కాలం అసలు వద్దన్నవాళ్ళే ఎక్కువ. పట్టుబట్టింది నేను. ఇదీ పాఠం:

‘జనరల్ పాలించిన కాలంలో మనం చాలా కష్టాలు పడ్డాం. మనలో కొందరిని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళారు. వాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. మనమందరం భయపడి మౌనంగా ఉన్నాం.’

సెప్టెంబరు ముప్ఫైన అచ్చుకు పోతుంది. పిల్లలకు చెప్పి చూసి, ఏమన్నారో తొందరగా రాయి.

నిమియా

*

తకువారా
జూలై 27

నిమియాకి,

పాఠం చెప్పలేదు. బోర్డు మీద మొదటి వాక్యం రాసి, రెండోది సగం రాసి తుడిచేశాను. పిల్లల్ని ఆటకు వదిలాను.

‘మనలో కొందరిని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళారు.’ మీ ఇంటి నుంచి ఎవరిని తీసుకెళ్ళారు నిమియా?

నీకు తెలిసినవే మళ్ళీ రాస్తాను, ఎందుకంటే పుస్తకం మరిచిపోయినట్టుంది. డెబ్బై అయిదులో రైతు సంఘంవాళ్ళు పొగాకు కొట్టంలో సొంత బడి పెట్టుకున్నారు. టీచరు మా మెనే అన్న. పత్తి తూకంతో లెక్కలు, వాగుతో భూగోళం, పాటతో అక్షరాలు. అంతా గ్వారనీలో. నువ్వూ నేనూ పెద్ద బడి వదలగానే అక్కడికి పరిగెత్తేవాళ్ళం. మీ నాన్న అధికార పార్టీకి ఊళ్ళో పెద్ద. ఆయనకు తెలిసి నిన్ను మాన్పించేదాకా మూడు నెలలు వచ్చావు. మరుసటి ఏడు ఈస్టరు ముందు పవిత్రవారంలో గురువారం పొద్దున పోలీసులు లారీలో వచ్చారు, చేతిలో జాబితాతో. పద్నాలుగు మంది. పదమూడు మంది తిరిగొచ్చారు, కొందరు కర్రల మీద. మా అన్న రాలేదు. అమ్మ ఇప్పటికీ గురువారం పొయ్యి వెలిగించదు.

ఇదంతా ‘మనం’ పడ్డామా? మీ ఇంట్లో ఆ వారం పండగ రొట్టెలు కాల్చారు. వాసన మా ఇంటిదాకా వచ్చింది.

‘మేము’ అని రాయి. ‘మమ్మల్ని తీసుకెళ్ళారు’ అని రాయి. అడిగేది ఒక్క మాట. అమ్మ కిటికీ కింద కూర్చుని వింటుంది. నీ ‘మనం’ ఆమె చెవిలో పడనివ్వను.

జునిల్డా

*

అసున్సియోన్
ఆగస్టు 10

జునిల్డా,

నీ బాధ నాకు అర్థం కాదని అనుకోకు. కానీ పిల్లల పుస్తకంలో ఊరి మధ్య గీత గీయలేను. ‘మేము’ అని రాస్తే, ‘మీరు’ అంటే ఎవరని మొదటి రోజే అడుగుతారు. లిబ్రాదా అయితే మరీను. ఆ ‘మీరు’ల పిల్లలు కూడా అదే బెంచీల మీద ఉన్నారు. వాళ్ళేం చేశారు?

నాన్న సంగతి నాకూ కష్టమే. ఆయనకు పై నుంచి ఒత్తిడి ఉండేది. పేర్లు ఇవ్వకపోతే ఆయన పేరే జాబితాలోకి ఎక్కేది. భయం అన్ని ఇళ్ళలోనూ ఉంది, మా ఇంట్లోనూ ఉంది. ఆ మాటకొస్తే ‘మనం భయపడ్డాం’ అనడంలో అబద్ధమేముంది?

ఇంకో సంగతి. అధ్యక్షుడు తేల్చి చెప్పాడు. ‘మనం’తో ఉంటే పాఠం ఉంటుంది, లేకపోతే పేజీయే ఎగిరిపోతుంది, దాని చోట వాటర్‌ఫాల్ బొమ్మ వేస్తారట. మెనే అన్న కాలం గురించి ఒక్క ముక్కయినా ఉండటం మేలా, ఏమీ లేకపోవడం మేలా? నువ్వే చెప్పు.

నిమియా

*

తకువారా
ఆగస్టు 24

నిమియాకి,

నీ ప్రశ్నకు జవాబు చివర రాస్తాను.

పోయినేడాది పోలీసుల పాత కాగితాలు బయటపడ్డాయని రేడియోలో చెప్పారు. బస్సెక్కి వచ్చాను. నిన్ను కలవలేదు. మూడు రోజులు లైన్లో నిలబడితే తకువారా జాబితా చూపించారు. ఒకటే కాగితం, గళ్ళ నోటుబుక్కులోంచి చింపినది. కింద మీ నాన్న సంతకం.

మీ నాన్నకు సంతకం వరకే వచ్చునని నువ్వే రాశావు. నువ్వు రాయక ముందే ఊరంతటికీ తెలుసు.

పద్నాలుగు పేర్లలో పదమూడు తప్పులతడకలు. పలికినట్టు రాసినవి. ఒక్కటే సరిగ్గా ఉంది, మెనే అన్న అసలు పేరు. ఎర్మెనెహిల్డో. దానికి మొదట పలకని అక్షరం ఒకటి ఉంటుంది, మధ్యలో ఒక అక్షరం రాసేది ఒకటి, పలికేది ఒకటి. పెద్ద బడి మాస్టరు కూడా హాజరు పట్టీలో తప్పే రాసేవాడు. “నా పేరు రాయగలిగితే మీకిక ఏ పేరైనా వస్తది” అని అన్న మనిద్దరి చేతా బొగ్గుతో పలక మీద ఇరవై సార్లు రాయించాడు. ఊళ్ళో ఆ పేరు తప్పు లేకుండా రాయగలిగింది ముగ్గురమే. ఒకరు మెనే అన్న. ఒకరు నేను.

ఏడాదిగా ఈ సంగతి నా కడుపులో పెట్టుకున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పుడు చించేద్దామనుకున్నాను. నీ అంతట నువ్వే చెబుతావేమో చూద్దామని ఆగాను. నువ్వు జెండా పాఠం పంపావు, నక్క కథ పంపావు.

నీ మీద కోపం ఉంది. చాలా ఉంది. అది దాచను.

ఇక నీ ప్రశ్న. అబద్ధం పేజీ కన్నా వాటర్‌ఫాల్ మేలు.

జునిల్డా

*

అసున్సియోన్
సెప్టెంబరు 5

జునిల్డా,

అవును, నేనే రాశాను.

పదిహేడేళ్ళు నాకు. నాన్న గళ్ళ కాగితం నా ముందు పెట్టి, “సంఘం బడికాడ ఎవరెవరు తిరుగుతున్నారో నీకు తెలుసు గదా, రాయమ్మా” అన్నాడు. ఎందుకని అడిగాను. “పైకి పంపాలి” అన్నాడు. బడికి సామాను పంచడానికేమో అనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. పై అంటే ఏమిటో మా ఇంట్లో కుక్కకు కూడా తెలుసు.

పేర్లు నాన్న చెప్పాడు, కొన్ని నేనూ చెప్పాను. పదమూడు పేర్లూ తొందరగా రాశాను. ఆ పేరు దగ్గర ఆగాను. తప్పు రాస్తే అన్న ఒప్పుకోడు కదా అనిపించింది. ఆలోచించే రాశాను. రాశాక బాగా వచ్చిందని కూడా అనుకున్నాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడే నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది, పార్టీ సిఫారసు మీద. నేను నేర్చుకున్న చదువంతా ఆ కాగితం వెనకాలే వచ్చింది. నీ బడిని ఎంచుకున్నది గ్వారనీ కోసం కాదు. నువ్వు నాకు మళ్ళీ ఉత్తరం రాస్తావేమో చూద్దామని.

క్షమించమని అడగను. అడిగే హక్కు లేదు, క్షమించే పని నీది కాదు.

‘మమ్మల్ని తీసుకెళ్ళారు’ అని నేను రాయలేను, నన్నెవరూ తీసుకెళ్ళలేదు. నేను రాయగలిగిన ‘మేము’ ఇంకొకటి ఉంది. మొన్న కూర్చుని రాశాను:

‘జనరల్ పాలించిన కాలంలో తకువారాలో రైతులు సొంత బడి పెట్టుకున్నారు. మేము వాళ్ళ పేర్లు రాసి పోలీసులకు ఇచ్చాం. వాళ్ళు ఏ తప్పూ చేయలేదని మాకు తెలుసు. పద్నాలుగు మందిని తీసుకెళ్ళారు. టీచరు ఎర్మెనెహిల్డో ఒవెలార్ తిరిగి రాలేదు. మేము మా ఇళ్ళలోనే ఉన్నాం.’

అధ్యక్షుడికి చూపించాను. “ఈ మేము ఎవరమ్మా? పుస్తకాలు ఇలా మాట్లాడవు” అన్నాడు. కొట్టెయ్యలేదు, బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఇరవై ఆరున చివరి సమావేశం. నువ్వు చెప్పి చూడదలిస్తే చూడు. చూడకపోయినా నాకు అర్థమవుతుంది.

నిమియా

*

తకువారా
సెప్టెంబరు 16

నిమియాకి,

నీ ఉత్తరం ముందు అమ్మకు చదివాను. మొత్తం. చెక్కు తీస్తున్న కత్తి పక్కన పెట్టి వింది. “ఇంకోసారి సదువు” అంది. చదివాను. కత్తి మళ్ళీ అందుకుని, “ఇన్నేళ్ళకి ఒక మడిసి సెప్పింది” అంది. ఏడవలేదు. “పిల్లలకీ సెప్పు. నేనింటాను” అంది.

మర్నాడు చెప్పాను. పాఠం పైకి చదవమని లిబ్రాదాను లేపాను. ‘మేము వాళ్ళ పేర్లు రాసి పోలీసులకు ఇచ్చాం’ దగ్గర ఆగిపోయింది.

“నేను సదవను.”

“ఎందుకు?”

“మేం రాయలేదు గదా టీచరమ్మా. నేను పుట్టనే లేదు. నా నోటితో ఎందుకనాలి?”

“నాకూ వద్దు. మా తాత ఆ లారీలో ఎక్కినోడే” అన్నాడు ట్రాంకిలీనో.

వెనక బెంచీలో పొలికార్పా అనే పిల్ల ఉంది. మీ నాన్నతో తిరిగిన మనిషి మనవరాలు. ఎప్పుడూ నోరెత్తదు. ఆ పిల్ల తల వంచుకుని, “మరి మేం సదవాలా?” అంది.

నువ్వు ఆగస్టులో అన్నది నిజమేనని అప్పుడు తెలిసింది, ఆ పిల్లలేం చేశారని. లిబ్రాదాయే వెళ్ళి దాని పక్కన కూర్చుంది.

“నువ్వెందుకు సదువుతావే, నువ్వూ పుట్టలేదు” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “టీచరమ్మా, ఇది రాసినోళ్ళు బతికున్నారా?”

ఉన్నారన్నాను.

“అయితే ఉత్తరంలో లాగా కింద పేరెట్టమను. పేరుంటే ఆళ్ళ మాటని సదువుతాం. పేరు లేకపోతే మా మాటయిపోద్ది.”

కిటికీ బయట నుంచి అమ్మ, “పిల్ల సరిగ్గా సెప్పింది” అంది. పద్దెనిమిదేళ్ళలో ఆమె బడిలోకి మాట విసరడం అదే మొదటిసారి.

అందరూ కూర్చుని పాఠాన్ని మంచి కాగితం మీదికి ఎత్తారు, తలా ఒక మాట. పొలికార్పా కూడా రాసింది. అన్న పేరున్న వాక్యం నేను రాశాను. కింద ఖాళీ వదిలాం. కాగితం ఇందులో పెట్టాను. పేరు పెడతావో లేదో నీ ఇష్టం. పెడితే మీ నాన్న ఆదివారం చర్చి మెట్లు ఎలా ఎక్కుతాడో, నీ ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించుకునే పెట్టు. అవి నాకు తెలియకుండా అడగడం లేదు.

పేరు పెట్టినంత మాత్రాన నా కోపం పోతుందని అనుకోకు. అది వేరే సబ్జెక్టు.

జునిల్డా

*

అసున్సియోన్
సెప్టెంబరు 30

జునిల్డా,

పోయిన శనివారం ఊరికి వచ్చాను. నీ గడప తొక్కలేదు, ముందు నాన్న దగ్గర పని ఉంది. పిల్లల కాగితం ఆయనకు చదివి వినిపించాను. మొదట, “ఇయన్నీ ఇప్పుడెందుకు తవ్వుతావు” అన్నాడు. తర్వాత, “నా పేరు కూడా పెడతావా?” అని అడిగాడు. పెట్టక తప్పదన్నాను. సాయంత్రం దాకా తెరెరే గిన్నె చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. బస్సెక్కేటప్పుడు నాకు ఎదురు రాలేదు. ఈ ఆదివారం చర్చికి వెళ్తాడో లేదో నాకు తెలియదు.

సమావేశంలో తొమ్మిదిమంది. అధ్యక్షుడు సొరుగులోంచి నా కాగితం తీసి, “పేరు లేని మేము అచ్చుకు పోదు” అన్నాడు. ఖాళీలో పేర్లు రాసి పిల్లల కాగితం ఆయన ముందు పెట్టాను. చదివి, కళ్ళజోడు తీసి, చేతులెత్తమన్నాడు. అయిదు చేతులు లేచాయి. ఆరో తరగతి పుస్తకం మాత్రం నాకు ఇవ్వరట. ట్రైనింగు సీటు సంగతి కూడా నేనే చెప్పేశాను కాబట్టి, నా ఉద్యోగంపై విచారణ వేశారు. వెయ్యాలి కదా.

ఈ పొద్దున పేజీ అచ్చుకు పోయింది. అరవై రెండో పేజీ. పాఠం మీ పిల్లలు రాసినట్టే ఉంది, ఒక్క అక్షరం మార్చలేదు. మీరు ఖాళీ వదిలిన చోట ఇలా ఉంటుంది:

‘ఈ పాఠంలో మేము అంటే నిమియా కాబాన్యాస్, ఆమె తండ్రి ఎపిఫానియో కాబాన్యాస్. ఊరు తకువారా.’